లోపలికి తిప్పిన డయల్

మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు పత్తర్‌గట్టి కమాన్ల కింద, ఒక వాచీల దుకాణం ముందు, మహేందర్ అనే మనిషి చాయ్ తాగుతూ చనిపోయాడు. వయసు నలభై ఆరు. లైసెన్సు ఉన్న షూటర్. పంటల మీద పడే అడవిపందులను కాల్చడానికి పిలిచే షూటర్లలో ఒకడు. రెండేళ్లుగా అతను గూఢచారి శాఖకు సమాచారం ఇస్తున్నాడన్న సంగతి ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు.

గుండె ఆగిందని డాక్టరు రాశాడు. ఎడమ మణికట్టు మీద ఆవగింజంత ఎర్రటి చుక్క ఉంది. వాచీ పెట్టుకునే చోట చర్మం పాలిపోయి ఉంది. వాచీ లేదు. చుట్టమని చెప్పుకుని ఒకడు వచ్చాడని, శవం చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చాడని, తర్వాత మోటారుసైకిల్ ఎక్కి వెళ్లిపోయాడని చూసినవాళ్లు చెప్పారు.

చాయ్ అమ్మే బబ్లూ ఇంకో మాట చెప్పాడు. "సార్, ఆయన పడకముందు ఏందో కీక్ కీక్ మని మోగింది. ఫోన్ అనుకున్న. ఫోన్ గాదు."

ఇవన్నీ రిపోర్టులో ఉన్నాయి. రిపోర్టు రాసింది ఏజెంట్ అంజన్. రాసి, సంతకం పెట్టి, పైకి పంపాడు. శనివారం సాయంత్రం దాకా దాన్ని మళ్లీ తలుచుకోలేదు. ఆ నాలుగు రోజులూ అతని బుర్రలో వేరే సంగతి ఉంది. ఆ సంగతి పేరు భరద్వాజ్.

*

శాఖ ఆఫీసు పురానాపూల్ దగ్గర ఒక బట్టల గోదాం మీద ఉంటుంది. బోర్డు మీద పన్ను సలహాదారులని రాసి ఉంటుంది. అప్పుడప్పుడు ఎవరో ఒకరు నిజంగానే కాగితాలు పట్టుకుని మెట్లెక్కి వస్తారు. వాళ్లకు కూర్చోబెట్టి సలహా చెప్పి పంపడం అంజన్ డ్యూటీల్లో ఒకటి.

గురువారం బ్రీఫింగ్‌కు అతను అందరికన్నా ముందు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చనిపోయింది తన ఇన్‌ఫార్మర్. చనిపోయింది తన ఇలాకాలో. మిషన్ తనదేనని అతని నమ్మకం.

స్టేషన్ చీఫ్ సుచరిత గోడకు మ్యాపు తగిలించింది.

"ఆపరేషన్ కందకం. టార్గెట్ గ్రే హెరాన్ ఔట్‌డోర్స్. టెంట్లు, బూట్లు అమ్మే కంపెనీ. వెనక ఉన్నది సరిహద్దు అవతలి ముఠా. ఇక్కడ దాన్ని నడిపేవాడు పింటూ. శనివారం వేటకు వెళ్లే ఆరుగురు షూటర్లకు ఈ కంపెనీ తలా ఒక వాచీ బహుమతిగా ఇస్తోంది. జీపీఎస్, కంపాస్, అల్టిమీటర్ అన్నీ ఉంటాయి. పత్తర్‌గట్టి దుకాణానికి వచ్చి ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకోవచ్చు. షూటర్లు వెళ్లేది ఎక్కడికో తెలుసుగా?"

"ఫెన్సింగ్ కాడికి, మేడం," అన్నాడు అంజన్.

అడవిలో ఒక రక్షణ కేంద్రం ఉంది. మ్యాపుల్లో లేదు. దాని కంచె కింద పందులు తవ్వుతున్నాయి. శనివారం సాయంత్రం ఆరుగురు షూటర్లు ఆ కంచె చుట్టూ నడుస్తారు. బయటివాళ్లలో ఇంకెవరికీ ఆ అనుమతి లేదు. వాళ్లు వేసే ప్రతి అడుగూ వాచీలు నమోదు చేస్తాయి. ఆదివారం తెల్లారేసరికి కంచె ఎక్కడుందో, కాపలా ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో ముఠాకు తెలిసిపోతుంది.

"వేట ఆపేస్తే పింటూ ఒక్కడే దొరుకుతాడు," అంది సుచరిత. "సిగ్నల్ ఎవరికి చేరుతోందో నాకు కావాలి. మహేందర్ బదులు మన మనిషి వెళ్తాడు. అతని వాచీలో మన చిప్ ఉంటుంది. మన టీం అడవి గేటు దగ్గర ఉంటుంది. ముఠా రిసీవర్ ఆన్ చేసిన నిమిషంలో పట్టుకుంటాం."

అంజన్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"భరద్వాజ్ వెళ్తాడు," అంది సుచరిత.

భరద్వాజ్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. వాళ్ల నాన్న కాకినాడ నుంచి సచివాలయంలో ఉద్యోగానికి వచ్చిన మనిషి. భరద్వాజ్ ఇప్పటికి నాలుగు దేశాల్లో పనిచేశాడు. అంజన్ పనిచేసిన దూరప్రాంతం బీదర్.

"మేడం, మహేందర్ నా మనిషి," అన్నాడు అంజన్. "పింటూ మాట, పాతబస్తీ మాట నాకొస్తది. నేను పుట్టిందే గౌలిపురల, పాలోళ్ల గల్లీల."

"భరద్వాజ్‌కు నేషనల్ షూటింగ్‌లో మెడల్ ఉంది. నువ్వు ఎప్పుడైనా తుపాకీతో పందిని కొట్టావా?"

"లేదు."

"బర్రెల్ని కొట్టుంటాడండి," అన్నాడు భరద్వాజ్.

"బర్లను కొట్టం సార్. పిండుతం."

ఎవరూ నవ్వలేదు. భరద్వాజ్ మాటకు మాత్రం అంతకుముందే ఇద్దరు నవ్వారు. అంజన్ ఆ ఇద్దరి పేర్లూ గుర్తుపెట్టుకున్నాడు.

"అంజన్ దుకాణంలో సేల్స్‌మన్‌గా ఉంటాడు. వాచీకి చిప్ పెడతాడు. అంతే," అంది సుచరిత. "లావణ్య ఎప్పటిలాగే భరద్వాజ్‌తో టచ్‌లో ఉంటుంది."

అంజన్‌కు గుచ్చుకున్నది ఆఖరి మాట.

లావణ్య గ్రే హెరాన్ మార్కెటింగ్ మేనేజర్. ముఠా మనిషి. రెండేళ్ల కిందట అంజన్ ఆమెను ఇటు తిప్పాడు. అప్పటి నుంచి ఆమె రెండు వైపులా పనిచేస్తోంది. చార్మినార్ దగ్గర గాజులు కొనే నెపంతో ఇద్దరూ కలిసేవారు. ఆమె వస్తే దుకాణంవాళ్లు కుర్చీ తుడిచి వేసేవారు. అంజన్‌ను కొంచెం జరగమనేవారు. నెల కిందట ఆమె ఫైలును భరద్వాజ్‌కు ఇచ్చారు. ఆమె తిరిగే హోటళ్లకు వెళ్లాలంటే సూటు కావాలని, అది భరద్వాజ్ దగ్గర ఉందని చెప్పారు.

ఫైలులో అన్నీ ఇచ్చాడు అంజన్. ఒక్కటి ఇవ్వలేదు.

ఒకరోజు గాజుల దుకాణంలో ఆమె అడిగింది. "పక్కన పింటూ ఉంటడు, ఫోన్ ఉండదు, మాట్లాడ రాదు. అప్పుడు నీకెట్ల చెప్పాలె?"

అంజన్ తన చేతి వాచీని తిప్పాడు. డయల్ మణికట్టు లోపలివైపుకు వచ్చింది. "ఎవని చేతికి డయల్ గిట్ల లోపలికి తిప్పుతవో వాని పానానికి ముప్పున్నదని లెక్క. మా అమ్మ బర్లను పిండేటప్పుడు గిట్లనే తిప్పుకుంటది. ఎవ్వడు షక్ చెయ్యడు. మనిద్దరికే తెల్వాలె."

ఆమె నవ్వింది. తన వాచీని తిప్పి చూసుకుంది.

ఆ గుర్తు అతను ఏ ఫైలులోనూ రాయలేదు. భరద్వాజ్‌కు అన్నీ అప్పగించిన రోజున కూడా చెప్పలేదు. అది ఒక్కటైనా తన దగ్గర ఉండనీ అనుకున్నాడు.

*

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు అంజన్ పత్తర్‌గట్టి దుకాణంలో కౌంటర్ వెనక ఉన్నాడు. యజమాని శాఖకు తెలిసినవాడే. గడ్డానికి గోరింటాకు రంగు వేసుకున్నాడు. కంటికి వాచీలు బాగుచేసే అద్దం పెట్టుకున్నాడు. బియ్యపు గింజలో సగం ఉండే చిప్ అతని చిటికెన వేలి గోటి కింద ఉంది. అయిదుగురు షూటర్లు పొద్దున్నే వచ్చి వాచీలు తీసుకుని వెళ్లారు. మిగిలింది ఒక్కడు.

లావణ్య లోపలికి వచ్చింది. దుకాణంలో ఉన్న ముగ్గురు గిరాకులు చేతుల్లో ఉన్న వాచీలను మరిచిపోయారు. వెనక భరద్వాజ్. ఖాకీ చొక్కా, రెండు రోజుల గడ్డం, మెడలో తువ్వాలు. మంచిర్యాల నుంచి వచ్చిన షూటర్ దీక్షిత్ అని అతని కార్డులో ఉంది. చివర పింటూ. అతను గడప దగ్గరే నిలబడి పాన్ నములుతూ ముగ్గురి చేతులూ కనిపించేలా గోడకు ఆనుకున్నాడు.

"వేటకు పెట్టుకునే వాచీ చూపించు," అన్నాడు భరద్వాజ్. "చెమటకు ఆగుతుందా?"

అది కోడ్.

"చెమటకు ఆగుతది అన్నా. అబద్ధానికి ఆగదు," అన్నాడు అంజన్. కోడ్‌లో రెండో వాక్యం లేదు. అది అతను కలిపాడు.

పింటూ సంచిలోంచి ఒక వాచీ తీసి కౌంటర్ మీద పెట్టాడు. "అన్న కోసం స్పెషల్‌గ తెప్పించిన. టాప్ మోడల్. ఏ భాయ్, సైజు చేసియ్యి."

స్టీలు వాచీ. స్టీలు చైను. డయల్‌లో ట్యూబులైటు కనిపిస్తోంది. భరద్వాజ్ దాన్ని చేతి మీద ఆనించి అద్దంలో చూసుకున్నాడు. "ఇది బాగుంది."

అంజన్‌కు ఒక్క క్షణం ఊరుకుందామనిపించింది. ఆ చైనుతో అడవికి వెళ్తే మిగతా అయిదుగురు షూటర్లూ గంటలో నవ్వడం మొదలుపెడతారు. భరద్వాజ్‌ను చూసి నవ్వే మనుషులు అతనికి కావాలి. కానీ మహేందర్ ఇదే కౌంటర్ మీద మోచేతులు పెట్టి చెప్పిన మాట ఒకటి ఉంది. అడవిల వాచీ నీకు కనవడాలె, జంతువుకు కనవడొద్దు, వినవడొద్దు. ఆ మాటను భరద్వాజ్ కోసం చంపడం అంజన్‌కు చేతకాలేదు.

"గా చైను పెండ్లికి వెట్టుకోన్రి అన్నా. పంది చూపు తక్కువనే గని చెవులు మస్తు పనిజేస్తయి. చైను తుపాకీకి తాకితే టింగుమంటది. జర్రున పీకే వెల్క్రో బెల్టు గూడ వద్దు, ఆ సప్పుడుకు మైలు దూరం ఉరుకుతది. గుడ్డ బెల్టు వెయ్యాలె, బకిలు ఉండేది. తడిసినా ఫికర్ లేదు."

"చైనే ఉండనియ్యి," అన్నాడు పింటూ.

"నీ ఇష్టం భాయ్. అడవిల షూటర్లు నవ్వితే నా దుకాణం పేరు జెప్పొద్దు."

"సేల్స్‌మన్ కరెక్టే చెప్తున్నడు," అంది లావణ్య. ఆమె అంజన్ వైపు చూడలేదు. ఆ మాట మాత్రం అతని చెవిలో చాలాసేపు ఉంది.

పింటూ భుజాలు ఎగరేశాడు. అంజన్ చైను విప్పాడు. ముదురాకుపచ్చ గుడ్డ బెల్టు ఎక్కించాడు. ఎక్కిస్తూ బెల్టు మడతలో చిప్ దోపాడు. అలాంటి వాచీల కన్నా ఇది బరువుంది. వెనక మూతకు స్క్రూలు లేవు. ఈ రెండూ గమనించాడు. గమనించి, వాచీని లావణ్య చేతికి ఇచ్చాడు.

లావణ్య భరద్వాజ్ ఎడమ చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత జరిగినది అంజన్ పూర్తిగా చూశాడు. ఆమె వేళ్లు భరద్వాజ్ మణికట్టు చుట్టూ తిరిగాయి. వాచీని మణికట్టు లోపలివైపు పెట్టింది. డయల్ అరచేతి వైపు వచ్చింది. బకిలు బిగించింది. బిగించాక కూడా చెయ్యి వదల్లేదు. బొటనవేలితో డయల్ అద్దాన్ని ఒకసారి తుడిచింది.

"ఏంది మేడం, ఉల్టా పెడ్తున్నరు?" అన్నాడు పింటూ.

"తుపాకీ పట్టుకున్నప్పుడు టైం కనవడతది," అంది లావణ్య. "షూటర్లు గిట్లనే పెట్టుకుంటరు."

నిజమే. మహేందర్ కూడా అలాగే పెట్టుకునేవాడు.

"అయిదింటికి ఒక అలారం మోగుతుంది," అంది ఆమె భరద్వాజ్‌తో. పింటూ గోడ మీంచి వీపు తీశాడు. "శాటిలైట్ లాక్ అయ్యే టైం. దాన్ని ఆపొద్దు. వాచీ విప్పొద్దు. సరేనా?"

"మీరు పెట్టాక ఎందుకు విప్పుతానండీ?" అన్నాడు భరద్వాజ్. అంజన్‌కు కన్ను కొట్టాడు.

వేట వాచీకి మోత ఎందుకని అంజన్‌కు రావలసిన అనుమానం వచ్చింది. వచ్చి, నిలబడలేదు. అతని తలలో ఇంకొకటి తిరుగుతోంది. మనిద్దరికే తెల్వాలె అన్న గుర్తును ఆమె వాడికి చెప్పేసింది. చెప్పడమే కాదు, తన ముందే వాడి చేతికి కట్టి చూపించింది. ఇద్దరూ కలిసి నవ్వుకుని ఉంటారు. బర్రెలు పిండేవాళ్ల గుర్తని నవ్వుకుని ఉంటారు.

వాళ్లు వెళ్లిపోయాక దుకాణం యజమాని వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగాడు. "క్యా మియా, తబియత్ ఠీక్ హై?"

"ఠీక్ హై," అన్నాడు అంజన్. చేతిలో మిగిలిన స్టీలు చైనును అప్పటికి రెండు ముక్కలు చేశాడు.

*

నాలుగు దాటాక అతను గౌలిపురలో ఇంటి పెరట్లో, కుడితి తొట్టి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం రంగు సగమే పోయింది. తల్లి శారదమ్మ సాయంత్రం పాలు పిండడానికి బర్రె పక్కన కూర్చుంది. ఆ గల్లీలో ఇంకా బర్రెలు ఉన్న ఇళ్లు నాలుగే. అందులో ఇది ఒకటి.

"గడ్డానికి ఏమాయెరా? టాక్స్ ఆఫీసుల గోరింటాకు వెట్టిండ్రా?"

"ఊకో అమ్మా."

"మొఖం జూడు. ఎవనికో ప్రమోషన్ వచ్చినట్టున్నది."

అంజన్ తొట్టిలోని కుడితిని కట్టెతో కలిపాడు.

"వచ్చింది," అంది శారదమ్మ బర్రెతో. "చిన్నప్పుడు గూడ గంతే. పక్కింటోనికి పతంగి కొంటే వీనికి జొరం వచ్చేది."

ఆమె చేతికి కీ ఇచ్చే పాత వాచీ ఉంది. భర్త పోయినప్పటి నుంచి అది ఆమె చేతికే ఉంటోంది. పొదుగుకు చెయ్యి వేసే ముందు ఆమె దాన్ని తిప్పింది. డయల్ మణికట్టు లోపలికి వెళ్లింది.

అంజన్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ పూట అది చూడటం అతనికి ఇష్టం లేదు.

"ఎందుకే అమ్మా, దినాం గట్ల తిప్పుతవ్? నీకేమన్న అడ్డమా?"

"నాకేం అడ్డంరా? నాకోసం తిప్పుతనా? ఎదురుంగ ఉన్న బర్రె కోసం. వాచీ అద్దం దాని తొడకు తాకితే బెదుర్తది. చెయ్యి నాదైతేంది, తిప్పుడు దానికోసం."

అంజన్ లేచి నిలబడ్డాడు.

భరద్వాజ్‌కు ఆ గుర్తు తెలియదు. తెలిస్తే వాచీ పెట్టించుకుని వెళ్లేవాడు కాదు. ఆమె అతనికి చెప్పలేదు. చెయ్యి భరద్వాజ్‌ది. తిప్పింది కౌంటర్‌కు ఎదురుగా ఉన్న మనిషి కోసం. పింటూ చూస్తుండగా, మాట్లాడే దారి లేక, ఇద్దరికే తెలిసిన ఒక్క మాటను ఆమె అతని కళ్ల ముందు పెట్టి, అద్దం తుడిచి మరీ చూపించింది. అతను ఆమె వేళ్లను చూశాడు.

మూతకు స్క్రూలు లేవు. బరువు ఎక్కువ. అలారం ఆపొద్దు. మహేందర్ మణికట్టు మీద ఎర్రటి చుక్క. కీక్ కీక్ మని మోగింది, ఫోన్ గాదు.

తల్లి చేతి వాచీలో టైం నాలుగూ ఇరవై అయిదు.

భరద్వాజ్ ఫోన్ ఆఫ్‌లో ఉంది. సుచరిత ఎత్తింది.

"మేడం, అతని వాచీల సూది ఉన్నది. అయిదింటికి అలారం మోగంగనే గుచ్చుతది. మహేందర్ గట్లనే సచ్చిండు. వ్యాన్ ఆపాలె."

"షూటర్లు శాలిబండ హోటల్లో చాయ్ తాగుతున్నారు. నాలుగూ నలభై అయిదుకు బయల్దేరతారు. ఫోన్లు పింటూ తీసుకున్నాడు. మన టీం అంతా అడవి గేటు దగ్గర ఉంది. ఆధారం ఏమిటి?"

"లావణ్య డయల్ లోపలికి తిప్పి కట్టింది."

"షూటర్లు అలాగే కట్టుకుంటారని నీ రిపోర్టులోనే ఉంది."

"అది మా గుర్తు మేడం. నాకు, ఆమెకు."

"ఏ ఫైలులో ఉంది?"

అంజన్ గోడ వైపు చూశాడు. "యే ఫైల్ల లేదు."

సుచరిత గొంతు తగ్గించింది.

"అంజన్, గురువారం నుంచి నీ మొహం చూస్తూనే ఉన్నాను. ఈ మిషన్ నీకు ఇవ్వలేదు. ఇప్పుడు వ్యాన్ ఆపితే నెల కష్టం పోతుంది. రెస్ట్ తీసుకో."

ఫోన్ పెట్టేసింది.

అతని స్థానంలో వేరేవాడెవడు ఫోన్ చేసినా ఆమె నమ్మేది. అది అంజన్‌కు తెలుసు.

"అమ్మా, బర్లను ఇడువు."

"పాలు పిండుతుంటె ఇడుసుడేందిరా?"

"అన్నిటినీ. కొమురమ్మత్తోళ్లయి గూడ. శాలిబండ రోడ్డు మీదికి తోలాలె. జల్ది."

"పోలీసోళ్లు ఊకుంటరా?"

"నేనే పోలీసు లెక్క అమ్మా."

శారదమ్మ అతని గడ్డం చూసింది. లుంగీ చూసింది. "టాక్స్ ఆఫీసు గాదన్నట్టు," అంది. కొంగు నడుముకు చుట్టింది. గల్లీలోకి తల పెట్టి కేక వేసింది. "ఓ కొమురమ్మా! నీ బర్లను ఇడువే! ఎందుకని అడగకు, నాకు గూడ తెల్వది!"

అంజన్ చూరులోంచి గడ్డి కోసే కొడవలి లాగాడు. పాల బకెట్ మోచేతికి తగిలించుకున్నాడు.

*

అయిదు గంటలకు పది నిమిషాలున్నప్పుడు శాలిబండ రోడ్డు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా పధ్నాలుగు బర్రెలు ఉన్నాయి. వాటి వెనక రెండు బస్సులు, ఆటోలు, ఒక పెళ్లి బ్యాండు సామాన్ల ట్రాలీ. వాటి మధ్య తెల్ల వ్యాన్.

"క్యా హై అమ్మా యే? భైంస్ హటావ్!" అని, బర్రెలను పక్కకు తీయమని ఒక ఆటో అతను అరుస్తున్నాడు.

"నువ్వు హటాయించుకో బిడ్డా, దాని కొమ్ము పట్టుకొని," అంది శారదమ్మ.

వ్యాన్ ముందు సీట్లో పింటూ హారన్ మీద చెయ్యి పెట్టి ఉన్నాడు. వెనక కిటికీ పక్కన భరద్వాజ్. అతని ఎడమ చెయ్యి కిటికీ అంచు మీద ఉంది. ఆకుపచ్చ బెల్టు కనిపిస్తోంది. అంజన్ తలకు తువ్వాలు చుట్టుకుని, బకెట్‌తో, బర్రెల సందులోంచి కిటికీ దగ్గరికి చేరాడు.

"టైం ఎంతయింది అన్నా?"

భరద్వాజ్ అరచెయ్యి తిప్పి చూశాడు. "అయిదుకు రెండు నిమిషాలు..." అని ఆగాడు. గుర్తుపట్టాడు.

"చెమటకు ఆగుతదా, నీ వాచీ?"

కోడ్‌కు జవాబు రాలేదు. భరద్వాజ్ కిటికీకి మొహం ఆనించాడు. పెదాలు కదలకుండా అన్నాడు. "ఇక్కడిదాకా వచ్చావా? నీ కుళ్లుతో మిషన్ చెడగొడతావా?"

"అది సంపే వాచీ. తియ్యి."

"ఆమె కట్టిందనేగా నీ ఏడుపు?"

"అవును," అన్నాడు అంజన్.

ఆ జవాబు వస్తుందని భరద్వాజ్ అనుకోలేదు.

"కుళ్లుకున్న. ఆమె నీ చెయ్యి పట్టుకుంటే చూడలేకపోయిన. డయల్ లోపలికి తిప్పితే పానానికి ముప్పని మా ఇద్దరికి గుర్తు. నీకు చెప్పలే. కావాలనే చెప్పలే. అది నేను జేసిన పని. గిప్పుడు వాచీ తియ్యి సార్, కాళ్లు మొక్కుత."

భరద్వాజ్ వాచీ వైపు చూశాడు. అంజన్ వైపు చూశాడు. కుడిచెయ్యి బకిలు దాకా వెళ్లి ఆగింది. నమ్మాలా వద్దా అన్నది అతని మొహంలో కనిపిస్తోంది.

"ఏందిరా లొల్లి వెనక?" అని పింటూ తల తిప్పాడు. అతని చూపు అంజన్ గడ్డం మీద ఆగింది. సగం గోరింటాకు రంగు. మధ్యాహ్నం కౌంటర్ వెనక చూసిన రంగు. అతను ఒక చెయ్యి చొక్కా కిందికి పోనిచ్చి, రెండో చేత్తో తలుపు తోశాడు. తలుపు జానెడు తెరుచుకుని ఆగిపోయింది. బయట కొమురమ్మ బర్రె ఆనుకుని ఉంది.

అంజన్ కిటికీలోంచి భరద్వాజ్ మణికట్టు పట్టుకుని గుంజాడు. కొడవలి మొనను బెల్టు కిందికి దూర్చి పైకి లాగాడు. గుడ్డ తెగింది. కొంచెం చర్మం కూడా తెగింది. వాచీ జారి బకెట్‌లో, అడుగున ఉన్న పాలల్లో పడింది.

"అబ్బా! పిచ్చా నీకు?" అన్నాడు భరద్వాజ్.

బకెట్‌లోంచి మోత వచ్చింది. కీక్ కీక్. పాల కింద నుంచి వచ్చినా వ్యాన్‌లో అందరికీ వినిపించింది. తర్వాత ఇనుముకు ఇనుము తగిలిన చప్పుడు ఒకటి.

అంజన్ కొడవలి కొసతో వాచీని పైకి ఎత్తాడు. వెనక మూత మధ్య నుంచి వేలి గోరంత సూది బయటికి వచ్చి ఉంది. దాని కొస నుంచి ఒక చుక్క జారి పాలల్లో పడింది.

భరద్వాజ్ దాన్ని చూశాడు. తన మణికట్టు చూసుకున్నాడు. ఆ తర్వాత ముందుకు వంగి, సీటు మీది నుంచి రెండు చేతులూ పింటూ మెడ చుట్టూ వేసి వెనక్కి లాగాడు. పింటూ చొక్కా కింద నుంచి పిస్తోలు జారి కింద పడింది. మిగతా అయిదుగురు షూటర్లలో ఒకాయన దాన్ని కాలితో తొక్కిపెట్టాడు. తర్వాత అయిదుగురూ ఎవరి చేతి వాచీ వాళ్లు విప్పడం మొదలుపెట్టారు.

"పాలన్నీ ఖరాబు జేసినవ్ గదరా!" అంది శారదమ్మ.

*

వ్యాన్ డ్రైవర్ సీటు కింద సిగ్నల్ రిసీవర్ దొరికింది. అవతలి చివర ఉన్న ముగ్గురిని ఆదివారం ఉదయం వేరే నగరంలో పట్టుకున్నారు. షూటర్ల చేతులకు ఉన్న అయిదు వాచీల్లో సూదులు లేవు. సూదిలోని విషం, మహేందర్ రక్తాన్ని మళ్లీ పరీక్షిస్తే దొరికిన విషం ఒక్కటేనని ల్యాబ్ నిర్ధారించింది.

భరద్వాజ్‌ను తాము గురువారమే గుర్తుపట్టామని పింటూ చెప్పాడు. మెడల్ అందుకుంటున్న అతని ఫొటో ఇంటర్నెట్‌లో ఉంది.

ప్రశంసాపత్రం భరద్వాజ్ పేరున వచ్చింది. గుర్తును ఫైలులో నమోదు చేయనందుకు అంజన్‌కు మెమో వచ్చింది. రోడ్డు మీదికి పశువులను వదిలినందుకు ట్రాఫిక్ పోలీసుల నోటీసు శారదమ్మ ఇంటికి వచ్చింది. భరద్వాజ్ చేతికి మూడు కుట్లు పడ్డాయి. అతను గౌలిపురకు ఒకసారి వచ్చాడు. శారదమ్మ పోసిన చాయ్ తాగాడు. వెళ్లేటప్పుడు బర్రెకు దూరంగా నడిచి వెళ్లాడు.

లావణ్య శనివారం మూడింటికి హోటల్ గది ఖాళీ చేసింది. శాఖకు గానీ ముఠాకు గానీ ఫోన్ చేయలేదు. అదే సాయంత్రం కాచిగూడ స్టేషన్ కెమెరాలో ఆమె ప్లాట్‌ఫారం మీద కనిపించింది. ఎడమ చేతికి వాచీ ఉంది. డయల్ బయటికి ఉంది. రైలు ఎక్కే ముందు ఆమె కెమెరా వైపు ఆ చెయ్యి ఒకసారి ఎత్తింది. పక్కన ఒక మగమనిషి ఆమె బ్యాగు మోస్తున్నాడు. అతనెవరో ఇంకా తెలియలేదు.

ఆ ఫుటేజీని ఏజెంట్ అంజన్ పదకొండు సార్లు చూసినట్టు శాఖ కంప్యూటర్‌లో నమోదైంది.